దయ్యానికి అరువిచ్చిన గొంతు

పెళ్ళయి బెంగాలీ గడ్డ మీది న్యూ టౌన్‌కి వచ్చిన కొత్తలో భానుకి ప్రతిదీ పండగలాగే ఉండేది. తొమ్మిదో అంతస్తు వంటింటి కిటికీలోంచి వాన ముందు కనిపించి, తరవాత వినిపించడం ఒక పండగ. టీ తాగిన మట్టి ముంతని పారేయడానికి చేతులు రాక ఇంటికి తెచ్చుకుని, కడిగి, అలమారలో పేర్చుకోవడం ఒక పండగ. ఆఫీసు నుంచి వచ్చిన సుందర్ గుమ్మంలో బూట్లు విప్పుతూ "ఏటి వండినావు?" అని అచ్చం వాళ్ళమ్మలా అడగడం అన్నిటికన్నా పెద్ద పండగ. భాను రాజమండ్రి పిల్ల. ఆ యాస వింటే మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు ఆ యాసలో పిలిస్తే తప్ప పిలిచినట్టే ఉండటం లేదు.

ఇన్ని పండగల మధ్య ఉద్యోగం కూడా దొరికింది. ఇంటికి రెండు స్టాపుల దూరంలో ఒక డబ్బింగ్ స్టూడియో. బెంగాలీ, ఒడియా, భోజ్‌పురిలతో పాటు ఈ ఏడాది తెలుగు పని కూడా తీసుకున్నారు. అన్నీ జపాను బొమ్మల సీరియళ్ళు. పాత్రల పెదాల కదలికకి సరిపోయేలా తెలుగు మాటలు రాయడం భాను పని. విశాఖలో చదువుకునేటప్పుడు హాస్టల్ గదిలో ఒకే ల్యాప్‌టాప్ ముందు ఆరుగురు ముడుచుకుని కూర్చుని చూసినవి ఇలాంటి బొమ్మలే. అప్పుడు ఊరికే చూసింది, ఇప్పుడు చూసినందుకు జీతమిస్తున్నారు. ఎవరినో మోసం చేస్తున్నానేమో అనిపించేంత సరదాగా ఉండేది.

అయితే స్టూడియోకి వచ్చేవి జపాను మాటలు కావు. అమెరికాలో ఎవరో ముందే ఇంగ్లీషులోకి మార్చి, ఇంగ్లీషు గొంతులు అతికించి పెట్టినది వస్తుంది. దాన్ని చెవిలో పెట్టుకుని తెలుగు రాయాలి. అసలు బొమ్మ ఏమందో స్టూడియోలో ఎవరూ వినరు. అడిగితే డైరెక్టర్ ప్రేమ్‌సాగర్ నవ్వేవాడు. ఆయన హైదరాబాదు నుంచి వచ్చాడు, ఎంత పని ఉన్నా గొంతు పెంచని మనిషి.

"జపాన్‌ది మనకెందుకు మేడమ్? క్లయింట్ ఇంగ్లిష్ ఇచ్చిండు. చెక్ చేసేటోడు ఇంగ్లిష్‌తోనే పక్కపక్కన పెట్టి చూస్తడు. మనకు ఇంగ్లిషే వేదం."

డబ్బింగులో ఒక సుళువుంది. పాత్ర మొహం కనపడుతున్నంతసేపూ పెదాలకి కట్టుబడి ఉండాలి. వెనక్కి తిరిగిందా, ఇక ఇష్టారాజ్యం. వీపు మీద ఎన్ని మాటలైనా పోయొచ్చు. భాను మొదటి వారంలోనే ఆ కిటుకు పట్టేసింది. పెదాల్లో ఇమడని మాటల్ని వీపుల మీదికి జరపడం, పెట్టెలో పట్టని చీరని మూత మీద కూర్చుని కుక్కినంత హాయిగా ఉండేది.

ఈసారి వచ్చిన సీరియల్లో తొయిచి అని ఒక పడవవాడు. జనాన్ని నది దాటిస్తుంటాడు. అతని నేస్తం మినే ఆ నదిలోనే పడి చనిపోయాడు. వాన పడ్డప్పుడల్లా మినే దయ్యమై వచ్చి పడవ చివర కూర్చుంటాడు. ఇంగ్లీషులో ఈ మినే ఒక నవ్వులాట. గొంతు వయ్యారంగా తిప్పుతూ, మాటలు సాగదీస్తూ, "భయపడకు నాయనా, నేను అందగాళ్ళనే పట్టుకుంటాను" లాంటివి అంటుంటాడు. తొయిచి విసుక్కుంటాడు. వాళ్ళిద్దరూ కజిన్లని మొదటి ఎపిసోడ్‌లోనే రెండుసార్లు చెప్పారు, ఎవరూ అడక్కుండానే.

"ఈ దయ్యానికి శ్రీకాకుళం యాస పెడదాం మేడమ్," అన్నాడు ప్రేమ్‌సాగర్. "ఇంగ్లిష్‌ల ఆడంగి లెక్క మాట్లాడిచ్చిన్రు. మన దగ్గర గది ఎట్లొస్తది? యాస పెడితే జనం పడిపడి నవ్తరు. సినిమాలల్ల చూస్తలేరా?"

భాను మనసులో ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. అది తన అత్తవారి యాస. కానీ మరుక్షణమే బావగారు గుర్తొచ్చి, ఆ సంతోషంలో ముల్లు సంగతి మరిచిపోయింది.

"ఆ గొంతు చేసేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు సార్! మీరు వింటే కుర్చీలోంచి పడిపోతారు."

*

సుందర్ అన్న సునీల్‌కుమార్‌కి నలభై దగ్గర పడుతున్నాయి. పెళ్ళి చేసుకోలేదు. డాక్‌లో టాలీ క్లర్కు. ఓడల్లోంచి దిగే సరుకు చూసి రాసుకుంటాడు. మెటియాబ్రుజ్‌లో దర్జీ కొట్ల మీద ఒక గదిలో ఒక్కడే ఉంటాడు. ఆదివారాలు మాత్రం సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌కి, అమ్మ చేతి కూర తినడానికి వస్తాడు.

ఆ ఆదివారం కూడా వచ్చాడు. మావయ్య సూరన్నగారు డ్యూటీలో ఉన్నారు. చింతకాయ వేసి వండిన చేపల పులుసుతో అందరూ నేల మీద కూర్చుని తింటున్నారు. తినడం అవుతుండగా అత్తగారు జగ్గమ్మ, "ఒరే సునీలూ, ఆ గొంతు సెయ్యరా ఓపాలి," అంది. ఆవిడ ప్రతి ఆదివారం అడుగుతుంది.

సునీల్ చెయ్యి కడుక్కుని, తల ఒక పక్కకి వంచాడు. వంచగానే మనిషే మారిపోయాడు. లోకల్ ట్రైన్లో టిక్కెట్టు లేకుండా దొరికిపోయిన మనిషి, టీటీతో మాట్లాడుతున్నాడు. సన్నటి గొంతు, ముక్కులోంచి కాస్త, చివర సాగదీత.

"టిక్కెట్టేటి బావూ... నానే ఒక టిక్కెట్టునీ... మెత్తగున్నాను, సింపీసుకోండీ..."

జగ్గమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సుందర్‌కి పొలమారింది. భాను నవ్వలేక పక్కకి ఒరిగిపోయింది. "సాల్రా, పొట్ట సెడిపోతంది. సచ్చిపోతాన్రా," అని జగ్గమ్మ కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ ఓపాలి సెయ్యి," అంది.

నవ్వులు సద్దుమణిగాక భాను అడిగింది. "బావగారూ, మీ గొంతు టీవీలో పెడదామా?"

"ఏ గొంతమ్మా? నాదా, ఇదా?"

"ఇదే."

సునీల్ గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. చాలాసేపు తాగాడు, చిన్న గ్లాసే అయినా.

"రికాటు సేస్తారా?"

"మరి? రికార్డు చేసి బొమ్మకి అతికిస్తారు."

"ఉండిపోతాదా? సెరిపీయరు కదా?"

"ఉండిపోతుంది బావగారూ. ప్రపంచంలో ఎక్కడ నొక్కినా వస్తుంది."

"అయితే వస్తాను," అన్నాడు సునీల్. ఆ మాట నవ్వుతూ అనలేదని భాను తరవాత ఎప్పుడో గానీ గుర్తు చేసుకోలేదు. ఆ సాయంత్రం తిరుగు బస్సులో ముందు సీటు దొరికింది. వంతెన దాటుతున్నంతసేపూ సుందర్ భుజం మీద తల ఆనించి, బావగారికి ఇంత మంచి అవకాశం ఇప్పించినందుకు తనని తనే మెచ్చుకుంటూ కూర్చుంది.

*

రికార్డింగుకి ముందు వారం ఒక మధ్యాహ్నం పూట, కుక్కర్ ఎక్కించి, వంటింటి గట్టు మీద ఫోను నిలబెట్టి, భాను బావగారు గొంతివ్వాల్సిన ఎపిసోడ్ పెట్టుకుంది. బయట వాన. కుక్కర్ కూతల్లో ఎలాగూ వినపడదని ఫోను గొంతు పూర్తిగా తగ్గించేసింది.

పడవ. వాన. మినే మనకి వీపు పెట్టి, నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. ఇక్కడ ఇంగ్లీషులో తడిసిన బట్టల మీద ఒక పెద్ద జోకు ఉంది, భానుకి కంఠతా వచ్చు. మాట లేకుండా చూస్తుంటే ఆ షాట్ ఎంత పొడుగ్గా ఉందో ఇప్పుడు తెలిసింది. వీపు కదలడం లేదు. భుజాలు మాత్రం ఒక్కసారి పైకి లేచి దిగాయి. అంతే.

తరవాత మినే ఇటు తిరిగాడు. పెదాలు కొంచెమే కదిలి మూసుకున్నాయి. ఇక్కడ ఇంగ్లీషు మాట "నన్ను మర్చిపోయావా కజిన్?" అని. భాను వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. పెదాలు మూసుకున్నాక కూడా ఇంగ్లీషు మాట ఇంకా సగం మిగిలే ఉంటుంది. ఇన్నాళ్ళూ చెవితో వింటూ చూసింది కాబట్టి కళ్ళకి పట్టలేదు. మూసిన నోట్లోంచి మాట వస్తోంది.

కుక్కర్ కూత వేస్తే భాను ఉలిక్కిపడింది.

ఆ జోకులన్నీ వరసగా గుర్తు చేసుకుంది. ఒక్కటి కూడా మినే మొహం మీద లేదు. అన్నీ వీపు మీదే. ఎవరో అతని వెనక నిలబడి, అతని నోరు కనపడకుండా చూసుకుని, అతని బదులు మాట్లాడుతున్నట్టుంది. హాస్టల్ గదిలో తను ఇలాంటి వీపుల్ని చూసి ఎన్నిసార్లు నవ్విందో! స్టవ్ కట్టేసి, తడి చేతులతోనే వెతికి, జపాను గొంతులతో కింద అక్షరాలు పడే అసలు సీరియల్ పట్టుకుంది.

అందులో కజిన్ అన్న మాటే లేదు. మినే, తొయిచి ఆ పడవలోనే కాపురమున్నారు. జపాను వాళ్ళేం తక్కువ తినలేదు. సత్రం నడిపే వగలాడి మగవాడొకడిని పెట్టి వాళ్ళూ నవ్వించారు. కానీ మినే దగ్గర ఎవరూ నవ్వడం లేదు. ఆ వీపు షాట్లో మాటే లేదు. వాన చప్పుడు, ఒక ఊపిరి. ఇటు తిరిగి మినే అన్నది ఒకే మాట. చలిగా ఉంది, అన్నాడు. తొయిచి దుప్పటి అంచు పైకెత్తి, రా, అన్నాడు. ఇంగ్లీషులో అదే దుప్పటి ఎత్తుతూ తొయిచి, "సరేలే, కానీ నీ పక్క నువ్వే ఉండు," అంటాడు. నవ్వుల కోసం.

ఆ మధ్యాహ్నం భాను అన్నం తినలేదు. ఇంట్లో ఎవరో తడిబట్టలతో కూర్చున్నట్టు అనిపించి రెండుసార్లు ముందు గదిలోకి తొంగి చూసింది.

సాయంత్రం సుందర్‌కి మొత్తం చెప్పింది. నవ్వుతాడనుకుంది. సుందర్ టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టేసి, బయటికి తిరిగాడు.

"అన్నయ్య సేసే ఆ గొంతు ఎవరిదో నీకు తెలీదు కదా," అన్నాడు.

"ఎవరిదేమిటి? సినిమాల్లోది కాదూ?"

"గోవిందన్నది. గోవిందరాజు. బారువ వైపు నుంచి డాక్‌లో పనికొచ్చాడు. అన్నయ్యా ఆయనా మెటియాబ్రుజ్‌లో ఆ గదిలోనే ఉండేవారు, చాలా ఏళ్ళు. ఆయన గొంతు పుట్టుకతోనే అంత. డాక్‌లో అందరూ ఏడిపించేవారు. మేమూ ఏడిపించేవాళ్ళం. ప్రతి ఆదివారం ఇద్దరూ కలిసి వచ్చేవారు. అన్నయ్య ఆయన ఎదురుగానే ఆయన గొంతు సేసేవాడు. అందరికన్నా ముందు ఆయనే నవ్వేవాడు."

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

"సరుకు మోసే బార్జి మీంచి జెట్టీ మీదికి దాటుతూ జారిపోయాడు. వానాకాలం. మర్నాటికి గానీ దొరకలేదు." సుందర్ కిటికీ రెక్క దగ్గరికి లాగాడు. "అన్నయ్య ఏడవలేదు. ఆదివారం ఒక్కడే వచ్చాడు, భోజనం సేసాడు. అమ్మకి ఏం మాటాడాలో తెలీక, 'ఆ గొంతు సెయ్యరా' అంది. సేసాడు. నవ్వాం. అప్పట్నుంచీ అంతే. మా ఇంట్లో ఆయన పేరు ఎవరూ ఎత్తరు."

భానుకి ఆ ఆదివారాలు గుర్తొచ్చాయి. ప్రతి ఆదివారం ఒక చనిపోయినవాడు అత్తగారింటికి భోజనానికి వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా టిక్కెట్టు లేకుండా దొరికిపోయి, నవ్వించి, వెళ్ళిపోతున్నాడు. అతన్ని తను ఇప్పుడు చేయి పట్టుకుని స్టూడియోకి తీసుకెళ్తోంది, ఆ వీపు వెనక నిలబెట్టడానికి.

వెంటనే సునీల్‌కి ఫోను చేసింది. వేరే ఎవరినైనా చూసుకుంటాం, మీరు శ్రమ పడకండి అని ఏవేవో తడబడింది. అవతల దర్జీ మిషన్ల చప్పుడు.

"తమ్ముడు సెప్పీసినాడేటి?" అన్నాడు సునీల్.

"క్షమించండి బావగారూ. నాకు తెలీదు."

"నీదేటి తప్పమ్మా. కేన్సిలు సెయ్యకు. నాకాడ ఆడి గొంతు లేదు. ఫోనులో ఉండీది, ఆ ఫోను ఆడితోపాటే నీళ్ళలో పోయింది. ఉన్నదంతా నా పీకలోనే ఉంది. నానూ పోతే?"

భాను నెమ్మదిగా ఆ పడవ సీను చెప్పింది. ఇంగ్లీషులో ఏముందో, అసలు దాంట్లో ఏముందో రెండూ చెప్పింది. అవతల మిషన్లు నడుస్తూనే ఉన్నాయి.

"జోకులెన్నయినా సెప్తాను," అన్నాడు సునీల్. "అలవాటే. ఆ ఒక్క మాటా మాత్రం గోవిందు సేత అనిపించమ్మా. ఒక్కపాలి. నవ్వులాట కాని మాట ఆడి గొంతులో నానూ ఇనాలి."

*

రికార్డింగు గదిలో ఏసీ చల్లగా ఉంది. గాజు అవతల సునీల్ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆదివారం చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. గాజు ఇవతల ప్రేమ్‌సాగర్, మిషను దగ్గర ఇంజనీరు దాదా, పక్కన కాగితాలతో భాను. దాదా బెంగాలీ మనిషి. తెలుగు ఒక్క ముక్క రాదు.

సునీల్ తల ఒక పక్కకి వంచాడు. "బయపడకు బావూ... నాను అందగాళ్ళనే అట్టుకుంటానూ..."

భాష రాని దాదా కూడా పకపక నవ్వాడు. ప్రేమ్‌సాగర్ బల్ల మీద కొట్టాడు. "అరె వా! ఏడ దాచినవ్ మేడమ్ ఈయన్ను? పెద్ద ఆర్టిస్టులు పనికిరారు ఈయన ముందట!" ఒక జోకు తరవాత ఒకటి, రెండో టేకు అవసరం లేకుండా అయిపోతున్నాయి. నవ్వనిది భాను ఒక్కతే. ఎన్నడూ చూడని ఒక మనిషి గాజు అవతల నిలబడి వచ్చినవాళ్ళందరినీ మర్యాదగా నవ్విస్తున్నాడు. ఆ గొంతు వింటుంటే ఆమెకి మెడ వెనక చల్లగా తాకుతోంది.

పడవ సీను వచ్చింది. తెర మీద మినే వీపు.

సునీల్ మాట్లాడలేదు. షాట్ అయిపోయింది. మళ్ళీ వేశారు. మళ్ళీ మాట్లాడలేదు.

"ఏమైంది సునీల్ గారూ?" అన్నాడు ప్రేమ్‌సాగర్ మైకు మీట నొక్కి.

"బాబూ, ఈడి నోరు కనపడ్డం లేదు కదా. ఇక్కడ మాటాడితే ఎవులు మాటాడినట్టు?"

ప్రేమ్‌సాగర్ నవ్వాడు. "గదే సుఖం! ఎవరు చూస్తరు?"

"సార్," అంది భాను. కాగితాలు బల్ల మీద పెట్టేసింది. "అసలు దాంట్లో ఇక్కడ జోకు లేదు. ఊపిరి ఒక్కటే ఉంది. తిరిగాక 'చలిగా ఉంది' అంటాడు. పెదాలు దానికే సరిపోతాయి. మీరే చూడండి. ఇంగ్లీషు మాట పెదాల మీద నుంచి కారిపోతోంది."

"అసలుది మనకు అక్కర్లేదని చెప్పిన గదమ్మా. కజిన్ అని రాసిన్రు, కజినే ఉండాలె. మాట లేకుంటే చెక్ చేసేటోడు 'డైలాగ్ మిస్సింగ్' అని ఎర్రగ కొట్టి పంపుతడు."

"ఊపిరి రియాక్షన్ కిందికి వస్తుంది. దగ్గూ నిట్టూర్పూ ఉంటే మాట ఉన్నట్టే లెక్కని మీరే చెప్పారు."

"నీకెందుకమ్మా ఇంత పట్టు? పిల్లలు చూసే బొమ్మ."

భాను గాజు అవతలికి చూసింది. మైకు మీట నొక్కితే తప్ప సునీల్‌కి ఇక్కడి మాటలు వినపడవు. అయినా అతను ఆమెనే చూస్తున్నాడు. అతని సంగతి చెప్పే హక్కు తనకి లేదు.

"ఒక్క టేకు సార్. నచ్చకపోతే జోకే పెట్టేద్దాం. నేనే రాసి ఇస్తాను."

ప్రేమ్‌సాగర్ వాచీ చూసుకుని, కొత్త పెళ్ళికూతురితో ఎవడు వాదిస్తాడన్నట్టు చెయ్యి ఊపాడు.

తెర మీద వాన. మినే వీపు. సునీల్ ఈసారి తల వంచలేదు. నిటారుగా నిలబడి ఊపిరి పీల్చాడు. పీల్చడం ఎంతకీ అవలేదు. చాలా లోతునుంచి పైకి వచ్చినవాడు మొదటిసారి తీసుకునే ఊపిరిలా, మధ్యలో ఎక్కడో తట్టుకుంటూ, లోపల తడి చప్పుడు చేస్తూ. తరవాత అది మెల్లగా వదిలాడు. వదులుతుంటే చివర సన్నగా, ముక్కులోంచి చిన్న సాగదీత. మనిషి గుమ్మంలోకి వచ్చి నిలబడినట్టు.

మినే ఇటు తిరిగాడు.

"సలేస్తంది," అంది ఆ గొంతు.

అదే యాస, అదే సాగదీత. నవ్వొస్తుందని ప్రేమ్‌సాగర్ కోరి పెట్టించిన యాస. ఎవరూ నవ్వలేదు. దాదా చెయ్యి మీట మీదే ఉండిపోయింది. తెర మీద తొయిచి దుప్పటి ఎత్తాడు. గాజు అవతల సునీల్ కుడిచెయ్యి కూడా, తెలియకుండానే, ఒక అంచు ఎత్తినట్టు లేచింది.

"కట్," అనడం ప్రేమ్‌సాగర్ మర్చిపోయాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "పంపిస్త," అన్నాడు. "వాళ్ళు వాపస్ చేస్తే నా చేతుల లేదు. ముందే చెప్తున్న."

*

వాళ్ళు వాపస్ చేశారు. మొత్తం కాదు. జోకులన్నీ బ్రహ్మాండమన్నారు. వీపు షాట్లో ఊపిరి సరే అన్నారు. అది రియాక్షన్ కింద చెల్లిపోయింది, ఊపిరిని ఎవరూ ఇంగ్లీషుతో పోల్చి చూడరు. 'చలిగా ఉంది' దగ్గర మాత్రం ఎర్రగా గీత పెట్టారు: కజిన్ అన్న మాట లేదు, మళ్ళీ చెప్పించండి.

భాను సునీల్‌కి ఫోను చేసింది. ఆ మాట నోటితో చెప్పడానికి చచ్చినంత పనైంది.

"నానొచ్చినా లాభం లేదమ్మా," అన్నాడు సునీల్. "ఆ గొంతు రావట్లేదు. ఆవేళ స్టూడియో కాడ్నుంచి ఇంటికొచ్చి, అద్దం ముందర నిలబడి సూసుకున్నాను. నా గొంతే వస్తంది."

ప్రేమ్‌సాగర్ హైదరాబాదులో ఎవరిచేతో ఆ ఒక్క వాక్యం చెప్పించి అతికించాడు. పాత టేకు ఉంచలేదు. స్టూడియోలో వద్దన్న టేకులు ఉంచరు. భాను వెళ్ళి అడిగేసరికి మిషనులో ఆ చోటు ఖాళీగా ఉంది. దాదా ఆమె మొహం చూసి, ఏమీ అడక్కుండా, తన టీలో సగం మట్టి ముంతలో పోసి ఇచ్చాడు. మామూలు రోజయితే ఆ ఒక్క పనికే భాను సాయంత్రం దాకా మురిసిపోయేది.

సీరియల్ విడుదలైన ఆదివారం అందరూ సంత్రాగాఛిలో ఉన్నారు. సూరన్నగారు మళ్ళీ డ్యూటీకి వెళ్ళారు. సుందర్ టీవీకి నెట్టు కలిపాడు. జగ్గమ్మ వంట తొందరగా ముగించి, చేతులు తుడుచుకుంటూ ముందు వరసలో మంచం ఎక్కి కూర్చుంది. "నా కొడుకు టీవీలో పడ్డాడొలే," అని పక్క క్వార్టర్ వాళ్ళకి వినపడేలా రెండుసార్లు అంది. సునీల్ గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. అత్తగారి పక్కనే మంచం మీద కూర్చున్న భాను అతన్ని చూడకుండా ఉండటానికి తెరనే చూస్తోంది.

మినే వచ్చాడు. "బయపడకు బావూ..."

"ఈడే, ఈడే!" జగ్గమ్మ చప్పట్లు కొట్టింది. ప్రతి జోక్కీ నవ్వింది. అలవాటు నవ్వు, ఆదివారం నవ్వు. సుందర్ నవ్వలేకపోతున్నాడు. అది చూసి, "నీకేటైందిరా, బావుంటే నవ్వడానికేటి రోగం?" అని కసురుకుంది.

పడవ సీను వచ్చింది. వీపు. నవ్వడానికి జగ్గమ్మ నోరు ముందే తెరిచి ఉంచింది.

ఊపిరి వినపడింది. లోతునుంచి, తట్టుకుంటూ, తడిగా. తరవాత ఆ చివరి సన్నటి సాగదీత.

జగ్గమ్మ నోరు అలాగే ఉండిపోయింది. నవ్వు మాత్రం రాలేదు. మినే ఇటు తిరిగాడు, ఎవరిదో పరాయి గొంతు కజిన్ అని ఏదో అంది. ఆ గదిలో అది ఎవరికీ పట్టలేదు.

"ఆపు," అంది జగ్గమ్మ.

సుందర్ ఆపాడు. మూసిన పెదాలతో మినే తెర మీద నిలిచిపోయాడు. పట్టాల మీద ఏదో లోకల్ దడదడలాడి వెళ్ళిపోయింది.

"గోవిందు కదేటి," అంది జగ్గమ్మ. ఎవరి వైపూ చూడలేదు. "అలగే ఒదిలీవోడు. మెట్లన్నీ ఎక్కొచ్చి, గుమ్మం కాడ నిలబడి. నాను లోపల కూర తిప్పుకుంటా, ఆ ఊపిరిని బట్టే వచ్చినాడనుకునీదాన్ని. సెప్పులిప్పడానికి ముందే."

ఆ పేరు ఆ ఇంట్లో పలికి ఎన్నాళ్ళయిందో భానుకి తెలియదు గానీ, పలికిన తరవాత గది ఇరుకైనట్టు, ఇంకొక మనిషికి చోటివ్వడానికి అందరూ కాస్త జరగాల్సి వచ్చినట్టు అనిపించింది. నిజంగానే ఆమె మంచం మీద కొద్దిగా పక్కకి జరిగింది.

సునీల్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తన సొంత గొంతుతో, బొంగురుగా అన్నాడు.

"మా గదిలో ఒక్కటే మంచం ఉండీదమ్మా. మొదట్నుంచీ ఒక్కటే."

జగ్గమ్మ కొడుకు వైపు తిరగలేదు. తెర మీద ఆగిపోయిన ఆ మొహాన్నే చూస్తూ కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

"ఎనక్కి తిప్పు," అంది జగ్గమ్మ. "ఆ మాటలొద్దు. అక్కడ, ఊపిరి తీస్తాడు సూడు, అక్కణ్ణుంచి పెట్టు."

సుందర్ వెనక్కి తిప్పాడు. వానలో వీపు పెట్టి కూర్చున్నవాడు మళ్ళీ భుజాలెత్తి, ఆ ఇంట్లోకి ఊపిరి వదిలాడు.